మాట ఎందుకు మారింది?

సంఘం సమావేశం అయిపోయింది. పొదుపు డబ్బు లెక్కపెట్టారు. పుస్తకంలో రాశారు. అందరూ సంతకాలు చేశారు. ఇక లేవబోతుంటే నర్సమ్మ వచ్చింది.

"రేపు బుధవారం. అంగన్‌వాడీలో టీకాలు వేస్తాను. తొమ్మిది నెలలు నిండిన పిల్లలు మీ వీధిలో ముగ్గురున్నారు. ముగ్గురినీ తీసుకురండి" అంది.

ఇద్దరు తల్లులు తల ఊపారు. మూడో ఆమె ఊపలేదు. ఆమె ఒళ్ళో పాప నిద్రపోతోంది.

"మా పాపకు వేయించనండీ" అంది ఆమె.

"ఎందుకమ్మా?" అని అడిగింది నర్సమ్మ.

"కరోనా అప్పుడు ఏం చెప్పారో గుర్తుందా? మొదట చేతులు కడుక్కుంటే చాలన్నారు. మాస్కు అందరికీ అక్కర్లేదన్నారు. తర్వాత మాస్కు లేకపోతే ఫైను వేశారు. పరీక్ష చేయించుకుంటే తెలిసిపోతుందన్నారు. మా అత్తకు పరీక్షలో లేదని వచ్చింది. వారం తిరక్కుండా ఆమె పోయింది. టీకా వేయించుకుంటే రోగం రాదన్నారు. మా ఆయన రెండు సూదులు వేయించుకున్నాడు. అయినా వచ్చింది. ఇన్నిసార్లు మాట మార్చారు. ఇప్పుడు నా బిడ్డకు సూది అంటే ఎలా నమ్మను?"

అరుగు మీద ఎవరూ మాట్లాడలేదు. ఆమె అత్తను అందరూ ఎరుగుదురు. 2021 వేసవిలో పోయింది. ఆఖరి చూపుకు కూడా ఎవరూ వెళ్ళలేకపోయారు.

నర్సమ్మ కోప్పడలేదు. ఆమె పక్కనే కూర్చుంది.

"నువ్వు అడిగింది న్యాయమైన మాటే తల్లీ. మాట మారింది. మారలేదని నేను అనను. ఎందుకు మారిందో చెబుతాను. విన్నాక నువ్వే తేల్చుకో" అంది.

ఆ తల్లి అడిగినవి మూడు ప్రశ్నలు. రోగం ఎలా అంటుకుంటుంది? పరీక్ష నిజం చెబుతుందా? టీకా ఏం చేస్తుంది? ఇవి మనమందరం అడగవలసిన ప్రశ్నలే. ఒక్కొక్కటే చూద్దాం.

కొత్త పురుగు, పాత మందు

మన చేలో ఎప్పుడూ చూడని పురుగు పడిందనుకోండి. మొదటి రోజు ఏం చేస్తాం? తెలిసిన మందే కొడతాం. అది పని చేయకపోతే ఆకు తిప్పి చూస్తాం. పురుగు ఎక్కడ గుడ్లు పెడుతోంది? పగలు వస్తోందా, రాత్రి వస్తోందా? తెలిసిన కొద్దీ పద్ధతి మారుస్తాం. మొదటి రోజు చెప్పిన మాట పదో రోజు చెప్పం. అది మోసం కాదు. అది నేర్చుకోవడం.

కరోనా అలాంటి కొత్త పురుగే. దాన్ని వైరస్ అంటారు. అది కంటికి కనిపించదు. 2019 డిసెంబరులో చైనా దేశంలోని వూహాన్ నగరంలో అది మొదట బయటపడింది. 2020 జనవరి 30న మన దేశంలో మొదటి కేసు కేరళలో తేలింది. మార్చి నెలలో తెలంగాణకు వచ్చింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌కూ వచ్చింది. ఇక్కడ మొదటి కేసు నెల్లూరులో తేలింది.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారి అని ప్రకటించింది. ఒక ఊరు, ఒక దేశం దాటి లోకమంతా పాకిన రోగాన్ని మహమ్మారి అంటారు.

అప్పటికి ఈ రోగం గురించి డాక్టర్లకు తెలిసింది చాలా కొంచెం. అందుకే పాత రోగాల గురించి తెలిసినదే దీనికీ చెప్పారు. కొన్ని మాటలు నిలిచాయి. కొన్ని నిలవలేదు.

మొదటి ప్రశ్న: రోగం ఎలా అంటుకుంటుంది?

మొదట్లో డాక్టర్లు ఇలా అనుకున్నారు. రోగి దగ్గితే, తుమ్మితే తుంపరలు పడతాయి. అవి బరువుగా ఉంటాయి. మూడు అడుగులు, ఆరు అడుగులు పోయి కింద పడతాయి. పడిన చోట చెయ్యి పెట్టి, ఆ చెయ్యి ముక్కుకు, నోటికి తగిలితే రోగం వస్తుంది.

అందుకే చేతులు కడగమన్నారు. దూరంగా నిలబడమన్నారు. మనం కూరగాయలు సబ్బుతో కడిగాం. నోట్లు ఎండబెట్టాం. వీధుల్లో బ్లీచింగ్ నీళ్ళు కొట్టించాం. గుమ్మాల ముందు పసుపు నీళ్ళు చల్లాం. మరి ఈ మాట ఎలా మారింది? అమెరికాలో జరిగిన ఒక సంగతి వినాలి.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పాటల బృందం ఉంది. మన ఊళ్ళో భజన బృందం లాంటిది. 2020 మార్చి 10న వాళ్ళు ఒక హాలులో చేరారు. మొత్తం 61 మంది. రోగం సంగతి విన్నారు కాబట్టి చేతులు కలపలేదు. కౌగిలించుకోలేదు. రెండున్నర గంటలు పాటలు పాడారు. వారిలో ఒకరికి జలుబు లక్షణాలు ఉన్నాయి. కొన్ని రోజులకు లెక్క చూశారు. 53 మందికి జబ్బు వచ్చింది. ఇద్దరు చనిపోయారు.

చేతులు కలపలేదు కదా. మరి అంతమందికి ఎలా వచ్చింది?

గాలి ద్వారా వచ్చింది. మనం మాట్లాడినా, పాడినా, ఊపిరి వదిలినా నోటి నుంచి సన్నని తడి రేణువులు వస్తాయి. అవి తుంపరల్లా వెంటనే కింద పడవు. పొయ్యి మీది పొగలా గాలిలో తేలుతూ ఉంటాయి. తలుపులు మూసిన గదిలో పొగ నిండినట్టు నిండుతాయి. కిటికీ తీస్తే పొగ పోయినట్టే అవీ పోతాయి.

2020 జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు కలిసి ఒక బహిరంగ లేఖ రాశారు. రోగం గాలి ద్వారా కూడా వస్తుందని ఒప్పుకోండి అని అడిగారు. వాళ్ళకు ముందు నిలిచినవారిలో ఒకరు లిడియా మొరావ్‌స్కా అనే శాస్త్రవేత్త. ఆమె ఆస్ట్రేలియాలో పని చేస్తారు. అంతకు ముందు, మార్చిలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇది గాలి రోగం కాదని ప్రకటించింది. ఆ మాట దిద్దుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. 2021లో గాలి ద్వారా వస్తుందని స్పష్టంగా రాసింది. ఆలస్యమైంది నిజమే. ఆ ఆలస్యం వల్ల నష్టం జరిగిందని చాలామంది శాస్త్రవేత్తలు అన్నారు.

వస్తువులు ముట్టుకోవడం సంగతి కూడా లెక్క తేలింది. 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఆ లెక్క చెప్పింది. రోగి తాకిన వస్తువును పది వేల సార్లు ముట్టుకుంటే, రోగం అంటడం ఒక్కసారి కంటే తక్కువ. మనం కూరగాయలు కడిగిన కష్టం కంటే కిటికీ తెరిచిన పని ఎక్కువ మేలు చేసేది.

అయితే చేతులు కడగడం మానేయాలా? మానకూడదు. విరేచనాలు, కామెర్లు, నులిపురుగులు చేతుల ద్వారా, నీళ్ళ ద్వారా వస్తాయి. వాటికి సబ్బే మంచి మందు. ఈ సంగతి తెలుసుకోవడానికి కూడా కొన్ని ప్రాణాలు పోయాయి.

1847లో యూరప్‌లోని వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఉండేవాడు. అక్కడి పెద్దాసుపత్రిలో కాన్పులకు రెండు వార్డులు ఉండేవి. ఒకదానిలో డాక్టర్లు పురుడు పోసేవారు. ఇంకోదానిలో మంత్రసానులు పోసేవారు. డాక్టర్ల వార్డులో బాలింతలు జ్వరం వచ్చి ఎక్కువగా చనిపోయేవారు. ఎందుకు? డాక్టర్లు శవాలను కోసి చూసి, ఆ చేతులతోనే కాన్పుకు వచ్చేవారు. సెమ్మెల్‌వైస్ అందరిచేత మందు నీళ్ళతో చేతులు కడిగించాడు. చావులు బాగా తగ్గాయి. కానీ ఆయన మాటను పెద్ద డాక్టర్లు చాలామంది నమ్మలేదు. ఆయన చనిపోయిన తర్వాతే లోకం ఒప్పుకుంది.

కాబట్టి మాట మారడం కొత్త కాదు. మార్చడానికి ఒప్పుకోకపోవడమే ప్రమాదం.

గుర్తుంచుకోండి: గాలి రోగానికి గాలే మందు. దగ్గు, జ్వరం ఉన్నవారి గదిలో కిటికీలు తెరవండి. రోగి మాస్కు పెట్టుకోవాలి. సేవ చేసేవారూ పెట్టుకోవాలి. మాస్కు ముక్కు మీద నుంచి గడ్డం దాకా సందు లేకుండా ఉండాలి. మెడలో వేలాడే మాస్కు దండతో సమానం.

రెండో ప్రశ్న: పరీక్ష నిజం చెబుతుందా?

ఆ తల్లి మనసులో పెద్ద ముల్లు ఇదే. ఆమె మళ్ళీ మాట్లాడింది.

"మా అత్తకు జ్వరం వచ్చింది. పావుగంటలో ఫలితం చెప్పే పరీక్ష చేశారు. లేదన్నారు. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆయాసం వస్తోందంటే కూడా నీరసం అనుకున్నాం. మూడు రోజులు ఆగాం. ఆ మూడు రోజులు నేనే ఆపానండీ. ఆసుపత్రికి వెళ్తే అక్కడ లేని రోగం అంటుతుందని నేనే అన్నాను."

ఆమె గొంతు పూడిపోయింది. పక్కనున్న పెద్దమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

పరీక్షలు రెండు రకాలు. రెండూ ముక్కులో పుల్ల పెట్టి తీసేవే. కానీ చేసే పని వేరు.

ఒకటి ఆర్‌టీ పీసీఆర్. దీన్ని ల్యాబులో చేస్తారు. వైరస్‌లో ఒక సన్నని పోగు లాంటిది ఉంటుంది. ఆ వైరస్ ఎలా ఉండాలో ఆ పోగులో రాసి ఉంటుంది. ల్యాబు యంత్రం ఆ రాతను వెతుకుతుంది. దొరికితే దాన్ని రెట్టింపు చేస్తుంది. ఒకటి రెండవుతుంది. రెండు నాలుగవుతుంది. నాలుగు ఎనిమిదవుతుంది. ఇలా 30 సార్లు రెట్టింపు చేస్తే ఎంతవుతుందో తెలుసా? వంద కోట్లు దాటుతుంది. అందుకే వైరస్ చాలా కొంచెం ఉన్నా ఈ పరీక్ష పట్టుకుంటుంది. ఫలితానికి మాత్రం గంటలు పడుతుంది. ఆ రోజుల్లో ల్యాబుల దగ్గర రద్దీ వల్ల రోజులు కూడా పట్టింది. ఈ రెట్టింపు పద్ధతిని 1983లో కేరీ ముల్లిస్ అనే అమెరికా శాస్త్రవేత్త కనిపెట్టాడు. 1993లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

రెండోది ర్యాపిడ్ పరీక్ష. చిన్న పట్టీ మీద గీతలు వస్తాయి. కాన్పు పరీక్ష పట్టీ లాంటిదే. పావుగంట, అరగంటలో తెలుస్తుంది. ఇది రెట్టింపు చేయదు. వైరస్ పైన ఉండే ముక్కలను ఉన్నవి ఉన్నట్టు వెతుకుతుంది. ముక్కులో వైరస్ ఎక్కువ ఉంటేనే గీత పడుతుంది. కొంచెం ఉంటే పడదు.

దీన్ని ఇలా అనుకుందాం. చెరువులో చేపలున్నాయా అని వల వేశారు. చేప పడింది. అంటే చేపలున్నట్టే. వల ఖాళీగా వచ్చింది. అంటే చేపలు లేనట్టేనా? చెప్పలేం. వల కన్ను పెద్దదేమో. వేసిన చోటు సరైనది కాదేమో. చేపలు ఇంకా పెరగలేదేమో.

ర్యాపిడ్ పరీక్ష పెద్ద కన్నుల వల. "ఉంది" అంటే నమ్మవచ్చు. "లేదు" అంటే ఇంకొకసారి చూడాలి. మన దేశంలో వైద్య పరిశోధన మండలి 2020 జూన్‌లోనే ఈ సంగతి రాసింది. లక్షణాలు ఉండి ర్యాపిడ్‌లో లేదని వస్తే, ఆర్‌టీ పీసీఆర్ కూడా చేయాలంది. ఆ కాగితం ఢిల్లీ నుంచి వచ్చింది. కానీ ఆ మాట అన్ని ఇళ్ళకూ చేరలేదు.

నర్సమ్మ ఆ తల్లి చెయ్యి పట్టుకుంది.

"తప్పు నీది కాదమ్మా. నీకు చెప్పిన మాట సగం మాట. లేదని వచ్చినా, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి అని ఎవరో ఒకరు నీకు చెప్పి ఉండాల్సింది. అది మేం చెప్పవలసిన మాట" అంది.

గుర్తుంచుకోండి: పరీక్ష కాగితం కంటే మనిషి ముఖ్యం. ఊపిరి ఆడకపోవడం, పెదాలు నీలం కావడం, ఛాతీలో నొప్పి, మత్తుగా ఉండి మాట తడబడడం ప్రమాద గుర్తులు. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్‌లో అంకె 94 కంటే తగ్గినా ప్రమాదమే. అప్పుడు పరీక్షలో ఏం వచ్చిందని చూడకండి. ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మూడో ప్రశ్న: టీకా ఏం చేస్తుంది?

మన ఒంట్లో కాపలా కాసేవాళ్ళు ఉన్నారు. రోగం దొంగలా వస్తుంది. కొత్త దొంగ ముఖం కాపలావాళ్ళకు తెలియదు. గుర్తుపట్టేసరికి ఆలస్యమవుతుంది. అప్పటికి ఇల్లు దోచుకుంటాడు. టీకా అంటే ఆ దొంగ బొమ్మను కాపలావాళ్ళకు ముందే చూపించడం.

ఆ బొమ్మను ఒక్కో టీకా ఒక్కో రకంగా చూపిస్తుంది. కోవాక్సిన్‌లో చంపేసిన వైరస్ ఉంటుంది. దాన్ని హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారు చేసింది. పుణెలోని వైరస్ పరిశోధన సంస్థ సాయం చేసింది. కోవిషీల్డ్ పుణెలో తయారైంది. అందులో హాని చేయని ఇంకో వైరస్ ఈ బొమ్మను మోసుకొస్తుంది. కార్బెవాక్స్‌లో వైరస్ పైన ముల్లు లాంటి భాగం ఒక్కటే ఉంటుంది. దాన్ని తయారు చేసింది కూడా హైదరాబాదులోని కంపెనీయే. 12 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు 2022 మార్చిలో వేసినది ఈ టీకాయే.

మన దేశంలో 2021 జనవరి 16న కరోనా టీకాలు మొదలయ్యాయి. 2022 జూలై నాటికి 200 కోట్ల డోసులు వేశారు.

మరి టీకా పని చేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? కోవాక్సిన్ సంగతే చూద్దాం. దాదాపు 26 వేల మంది ముందుకు వచ్చారు. సగం మందికి టీకా వేశారు. సగం మందికి మందు లేని సూది వేశారు. ఎవరికి ఏది పడిందో వేయించుకున్నవారికి తెలియదు. వేసినవారికీ తెలియదు. తెలిస్తే మనసు ఒక వైపు మొగ్గుతుంది కదా. తర్వాత ఎవరికి జబ్బు వస్తుందో చూశారు. చివరికి రెండు వైపులా దాదాపు 8,500 మంది చొప్పున లెక్కలోకి తీసుకున్నారు.

మందు లేని సూది పడినవారిలో 106 మందికి లక్షణాలతో జబ్బు వచ్చింది. టీకా పడినవారిలో 24 మందికి వచ్చింది.

జబ్బు బాగా ముదిరినవారిని చూస్తే, మందు లేని సూది వైపు 15 మంది. టీకా వైపు ఒక్కరు.

ఈ రెండు లెక్కలూ మళ్ళీ ఒకసారి చదవండి. టీకా వేసుకున్నా 24 మందికి వచ్చింది. కాబట్టి "టీకా వేసుకుంటే రోగం రాదు" అన్నది తప్పు మాట. కానీ ముదిరినవారు 15 నుంచి ఒకటికి తగ్గారు. "టీకా వేసుకుంటే ప్రాణం మీదికి రావడం బాగా తగ్గుతుంది" అన్నది సరైన మాట.

తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. దొంగ వేషం మార్చాడు. 2021లో డెల్టా రకం వచ్చింది. 2021 నవంబరులో ఒమిక్రాన్ బయటపడింది. ముక్కు దగ్గర ఉండే కాపలా కూడా కొన్ని నెలలకు సన్నగిల్లుతుంది. అందుకే టీకా వేసుకున్నవారికీ మళ్ళీ మళ్ళీ జలుబు, జ్వరం వచ్చాయి. కానీ లోపలి కాపలా ఎక్కువ కాలం ఉంటుంది. ఆ తల్లి భర్తకు రోగం వచ్చింది. నాలుగు రోజులు పడుకున్నాడు. లేచి పనికి వెళ్ళాడు. ఆయన ఒక్కడి సంగతి చూసి టీకా వల్లే లేచాడని చెప్పలేం. వేల మంది లెక్క చూస్తేనే ఆ మాట చెప్పగలం.

టీకాతో చెడు అసలు జరగదా? జరగవచ్చు. చెయ్యి నొప్పి, ఒక రోజు జ్వరం మామూలే. 2021లో ఇంకో సంగతి కూడా తేలింది. కోవిషీల్డ్ రకం టీకా తర్వాత చాలా అరుదుగా కొందరికి నెత్తురు గడ్డ కట్టింది. ఆ సంగతి దాచలేదు. కొన్ని దేశాలు చిన్న వయసువారికి ఆ టీకా ఆపి వేరే టీకా ఇచ్చాయి. చెడు జరిగితే రాయాలి, లెక్క కట్టాలి, చెప్పాలి. అప్పుడే నమ్మకం నిలుస్తుంది.

ఇంత త్వరగా ఎలా తయారైంది?

"ఏడాదిలో మందు చేశారంటే ఏదో తొందరలో చేసి ఉంటారు" అంది అరుగు మీద ఇంకో ఆమె. ఇదీ మంచి అనుమానమే.

పెళ్ళి పనులు ఒక్కరే చేస్తే రెండు నెలలు పడుతుంది. ఒక పని అయ్యాక ఇంకో పని. ఊరంతా కలిసి చేస్తే వారంలో అవుతుంది. ఒకరు పందిరి వేస్తారు. ఒకరు సరుకులు తెస్తారు. ఒకరు పిలుపులకు వెళ్తారు. టీకా పనులూ అలాగే ఒకేసారి నడిచాయి. వైరస్‌లోని రాతను చైనా శాస్త్రవేత్తలు 2020 జనవరిలోనే లోకానికి ఇచ్చారు. ప్రభుత్వాలు డబ్బు పెట్టాయి. ఫలితం రాకముందే ఫ్యాక్టరీలు తయారీ మొదలుపెట్టాయి. టీకా పని చేయకపోతే ఆ సరుకు పారబోయాల్సిందే.

ఒక చోట మాత్రం ముందడుగు వేశారు. కోవాక్సిన్ చివరి దశ ఫలితం రాకముందే, 2021 జనవరిలో దానికి అనుమతి ఇచ్చారు. ఇది సరికాదని చాలామంది శాస్త్రవేత్తలు అప్పుడే అడిగారు. పైన చెప్పిన లెక్క అదే ఏడాది తర్వాత వచ్చింది. ఫలితం మంచిదే. అయినా అడిగినవారు తప్పు చేయలేదు. ముందు లెక్క చూపించమనడం ప్రజల హక్కు.

ఇంకో సంగతి. ఏడాదిలో వచ్చిన కొన్ని టీకాల వెనుక ముప్పై ఏళ్ళ కష్టం ఉంది. అది ఒక ఆడమనిషి కష్టం.

ఆమె పేరు కాటలిన్ కరికో. హంగరీ దేశంలో పుట్టారు. తండ్రి మాంసం కొట్టు మనిషి. 1985లో భర్తతో, రెండేళ్ళ కూతురితో అమెరికా వెళ్ళారు. కారు అమ్మిన డబ్బును పాప బొమ్మలో దాచి తీసుకువెళ్ళారు. దొంగ బొమ్మను ఒంట్లోకి పంపడానికి బదులు, ఆ బొమ్మ ఎలా గీయాలో చెప్పే చీటీని పంపితే చాలదా అని ఆమె ఆలోచన. ఆ చీటీ పేరు ఎం ఆర్‌ఎన్‌ఏ. ఆ ఆలోచనకు ఎవరూ డబ్బు ఇవ్వలేదు. 1995లో ఆమె హోదా తగ్గించారు. ఆమె పని మానలేదు. డ్రూ వైస్‌మన్ అనే డాక్టరుతో కలిసి పని చేశారు. 2005లో ముఖ్యమైన చిక్కు విప్పారు. 2020 డిసెంబరులో ఆ పద్ధతి టీకా బ్రిటన్‌లో ప్రజలకు మొదలైంది. 2023లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర స్థితి ముగిసిందని చెప్పింది. వైరస్ మాత్రం పోలేదు. మనతోనే ఉంది. రేపు ఇంకో కొత్త రోగం రావచ్చు. అప్పుడూ మొదటి మాట పూర్తి మాట కాకపోవచ్చు.

మరి పాప సంగతి?

నర్సమ్మ చివరికి పాప వైపు చూసింది.

"కరోనా టీకా కొత్తది. దాని గురించి నేర్చుకుంటూ చెప్పాం. రేపు నేను వేసేది కొత్తది కాదు. ఇది తట్టుకు, రుబెల్లాకు టీకా. తట్టు టీకా 1963 నుంచి లోకంలో ఉంది. కోట్ల మంది పిల్లలకు వేశారు. దీని మంచి చెడ్డలు మనకు బాగా తెలుసు" అంది.

తట్టు కూడా గాలి రోగమే. కరోనా కంటే వేగంగా పాకుతుంది. రోగి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గది గాలిలో ఉండగలదు. టీకా లేని పదిమంది రోగి దగ్గర ఉంటే, తొమ్మిది మందికి రావచ్చు. కరోనా రోజుల్లో చాలామంది పిల్లలకు టీకాలు తప్పాయి. 2022 చివర్లో ముంబైలో తట్టు పాకింది. పిల్లలు చనిపోయారు. రుబెల్లా చిన్న జ్వరమే. కానీ కడుపుతో ఉన్నవారికి వస్తే పుట్టే బిడ్డ కళ్ళకు, చెవులకు, గుండెకు ముప్పు.

ఇంతసేపూ మాట్లాడని అవ్వ ఒకామె తన చెంప తడుముకుంది. ఆమె ముఖం నిండా పాత మచ్చలు.

"ఇది పెద్దమ్మవారు. నాకు ఆరేళ్ళప్పుడు వచ్చింది. నేను బతికాను. మా అక్క బతకలేదు. ఇప్పుడు ఈ మచ్చలు ఏ పిల్ల ముఖాన అయినా చూశారా?" అంది.

ఎవరూ చూడలేదు. ఆ రోగాన్నే మశూచి అంటారు. మన దేశంలో ఆఖరి కేసు 1975లో వచ్చింది. 1980లో లోకంలోనే లేదని ప్రకటించారు. టీకాతోనే పోయింది. సహజంగా పాకే పోలియో కూడా మన దేశంలో 2011 తర్వాత రాలేదు.

చిన్న తల్లి కాసేపు ఆలోచించింది.

"జ్వరం వస్తుందా?" అని అడిగింది.

"కొందరికి వారం, పది రోజులకు కొంచెం జ్వరం, ఒంటి మీద పొక్కులు రావచ్చు. తగ్గిపోతాయి. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చో. ఏదైనా తేడా వస్తే నేను దగ్గరే ఉంటాను. ఇంటికి వెళ్ళాక అనుమానం వస్తే నాకు ఫోను చెయ్యి. ఏ రాత్రయినా చెయ్యి" అంది నర్సమ్మ.

"రెండోసారి ఎప్పుడు?"

"పదహారు నెలలు నిండాక. రెండేళ్ళ లోపల."

ఆమె లేచి ఇంట్లోకి వెళ్ళింది. తల్లీ బిడ్డల కార్డు తెచ్చింది. దీపం దగ్గర పట్టుకుని, వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. తొమ్మిది నెలల గడి ఖాళీగా ఉంది.

"రేపు వస్తానండీ. మీరు వేసింది ఏమిటో ఈ గడిలో రాయాలి. నేను చదివి చూసుకుంటాను" అంది.

"అలాగే తల్లీ. నేను రాయడం మరిచిపోతే నువ్వే అడుగు" అంది నర్సమ్మ.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. కరోనా రోజుల్లో మీకు చెప్పిన మాటల్లో ఏవి నిలిచాయి? ఏవి మారాయి?
2. ర్యాపిడ్ పరీక్షలో లేదని వచ్చింది. కానీ ఆయాసం ఉంది. ఏం చేయాలి?
3. మీ ఇంట్లో గాలి ఆడని గది ఏది? జ్వరం వచ్చినవారిని ఎక్కడ పడుకోబెడతారు?
4. మీ పిల్లల టీకా కార్డు తీయండి. ఏ గడి ఖాళీగా ఉందో చదివి చూడండి.